సరుకు ఫొటో ఎవరికి చూపించి అడగాలి? బరంపురం, పర్లాకిమిడి చిన్న వ్యాపారులకు ఒక పోలిక

"ఫొటో ఎలా ఉంది?" అని అడిగితే బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ బాగోలేదని మొహం మీద చెప్పే మనిషి దొరకడం కష్టం. చుట్టరికాల ఊళ్లు మనవి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే బొటనవేళ్లు, పూలు, దండాలు వస్తాయి గానీ ఆర్డరు రాదు. కాబట్టి ఫొటో బాగుచేసుకోవాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఎవరిని అడగాలన్నది, ఆ మనిషిని ఏమని అడగాలన్నది.

ఇంట్లోవాళ్లు, పాత ఖాతాదారులు, పెళ్లి ఫొటోల స్టూడియో ఆయన, ఫోన్‌లో ఏఐ యాప్, ఇన్‌స్టాగ్రామ్ పోల్, డబ్బు కట్టి వేసే ప్రకటన, మేళాలో స్టాలు ముందు ఆగిన కొత్త మనిషి. అడిగితే వీళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెబుతారు. ఒకరికి కనబడింది ఇంకొకరికి కనబడదు. నా లెక్కలో అందరికన్నా విలువైన సలహా మీ సరుకు ఎప్పుడూ చూడని, దాన్ని కొనే స్తోమత ఉన్న మనిషి దగ్గర దొరుకుతుంది. అందరికన్నా తక్కువ పనికొచ్చేది ఇంట్లోవాళ్ల మెప్పు. ఒక్క విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లని మించినవాళ్లు లేరు. అది కింద చెబుతాను.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కుంది. బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలోకి వచ్చింది 1936 ఏప్రిల్ 1న. అప్పుడూ ఇప్పుడూ ఇక్కడి తెలుగు కొట్లో బేరం రెండు భాషల్లోనే నడుస్తోంది. కొనే కళ్లు కూడా రెండు రకాలు. బరంపురం పట్టు చీరే తీసుకోండి. ఒడియా ఆడవాళ్లు ఫొటోలో ముందు వెతికేది అంచు. ఫోడా కుంభ అంటారే, గుడి గోపురాల్లా పళ్లుపళ్లుగా లేచే ఆ అంచు స్పష్టంగా కనబడకపోతే తర్వాతి ఫొటోకి వెళ్లిపోతారు. శ్రీకాకుళం, విశాఖ నుంచి అడిగేవాళ్లు "కొంగు విప్పి చూపించండి, జాకెట్టు ముక్క ఉందా, బరువుగా ఉంటుందా" అంటారు. తెలుగువాళ్ల అభిప్రాయం ఒక్కటే తీసుకుని ఫొటోలు సర్దుకుంటే సగం బేరం పోయినట్టే. ఎవరిని అడిగినా రెండు వైపులా అడగండి.

ఇంట్లోవాళ్లు: రంగు చెప్పడానికి

ఇంట్లోవాళ్లకి సరుకు తెలుసు. ఫొటోలో లేనిది కూడా వాళ్ల కళ్లు నింపేసుకుంటాయి. అప్పడం ఎంత వెడల్పో వాళ్లకి తెలుసు కాబట్టి ఫొటోలో కొలత తెలియడం లేదన్న సంగతి తట్టదు. అందుకే "బాగుందా" అన్న ప్రశ్న వాళ్ల దగ్గర దండగ.

రంగు మాత్రం వాళ్లే చెప్పాలి, ఎందుకంటే అసలు వస్తువు చేతిలో ఉన్నది వాళ్లకే. చీర ఒడిలో పెట్టి, ఫోన్ పక్కన పెట్టి అడగండి.

"పిన్నీ, ఇందులో ఎరుపు మన చీర ఎరుపేనా?"

"కాదురా నాయనా, ఇది ఇటిక రంగులో ఉంది. మనది కుంకం రంగు కదేటి."

ఈ ఒక్క మాట చాలు, ఒక చీర వాపసు రాకుండా ఆగుతుంది. ఎరుపు ఇటిక రంగుకి తిరగడానికి కారణం సాధారణంగా ఇంట్లో దీపాలే. పాతకాలపు పసుపు బల్బు వెలుగు 2700-3000 కెల్విన్ దగ్గర ఉంటుంది, తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు 6500 దగ్గర. ఒకే ఫొటోలో ఒక వైపు బల్బు, ఇంకో వైపు ట్యూబు పడితే ఫోన్ ఏ ఒక్కదానికీ సర్దుకోలేదు, చీరలో సగం పసుపెక్కుతుంది, సగం నీలిబడుతుంది. తర్వాత ఏ యాప్‌తోనూ అది పూర్తిగా పోదు. దీపాలన్నీ ఆర్పేసి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీస్తే గొడవే లేదు.

పోల్చి చూసే ఫోన్ కూడా సరిగ్గా ఉండాలి. రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండటానికని పెట్టుకునే నైట్ మోడ్ తెర మొత్తాన్ని పసుపు చేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో వివిడ్ అని ఉంటే రంగులు ఉన్నదానికన్నా మెరుస్తాయి. రెండూ తీసేసి చూడండి. ఫొటో వాట్సాప్‌లో పంపి అడిగేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు వెళుతుంది, ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. కోట్‌పాడ్ నేత గుడ్డల్లాంటివి అమ్మేవాళ్లకి ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆల్ చెట్టు వేరుతో అద్దిన ఆ ముదురు ఎరుపు, కాఫీ రంగు వెలుగు మారితే చాలు, వేరే గుడ్డలా కనబడతాయి.

స్టూడియో ఆయన: వెలుగు చెప్పడానికి

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల కొట్లో ఒక ఫొటో చూశాను. గేదె కొమ్ముతో చేసిన కొంగ, నల్లగా నిగనిగలాడుతూ ఉంది. మెడ పొడవునా ఒక తెల్ల గీత. కటక్ నుంచి ఎవరో "ఇది పగిలిందా?" అని మెసేజ్ పెట్టారు. పగల్లేదు. పైన ఉన్న ట్యూబులైటు వెలుగు కొమ్ము మీద పడి గీతలా మెరిసింది. ఇంట్లో ఎవరికీ అది కనబడలేదు, ఎందుకంటే వాళ్లకి కొంగ పగల్లేదని తెలుసు. స్టూడియో అబ్బాయి వచ్చి ఒక్క చూపులో చెప్పాడు: "లైటుకి అడ్డంగా తెల్ల గుడ్డ కట్టండన్నా, గీత పరుచుకుపోతుంది." పాత తెల్ల పంచె ఒకటి ట్యూబులైటుకి అడ్డంగా కట్టారు, అంతే.

వెలుగు, నీడ, కోణం చెప్పడంలో ఫొటోగ్రాఫరుకి సాటి లేదు. కొమ్ము, ఇత్తడి, గాజు సీసా, జరీ ఇలా మెరిసే సరుకేదైనా ఆయన కన్ను కావాలి. కొమ్ము పల్చగా చెక్కిన చోట వెనక నుంచి వెలుగు పెడితే లోపలి పొరలు తేనె రంగులో కనబడతాయి, అది అమ్ముకునే ఫొటో. మనకి అది తట్టదు.

ఆయనతో రెండు ఇబ్బందులు. ఒకటి, ఆయన రోజూ తీసేవి పెళ్లిళ్లు. కంటికి రంగులు నిండుగా కొట్టినట్టుండాలి, వెనకంతా మసకబారాలి, మొహం నున్నగా ఉండాలి. అదే అలవాటు మీ చీర మీద చూపిస్తే నేత కనబడకుండా పోతుంది, రంగు అబద్ధమవుతుంది. రెండు, ఏ ఫొటో చూసి కొనేవాడి చెయ్యి జేబులోకి పోతుందో ఆయనకి తెలియక్కర్లేదు, తెలియదు కూడా. కాబట్టి ఆయన్ని "ఈ ఫొటోకి అమ్మకం జరుగుతుందా" అని అడక్కండి, "ఈ మెరుపు ఎలా తగ్గించాలి" అని అడగండి.

డబ్బు పెట్టదలిస్తే మొత్తం సరుకంతా ఆయన చేత తీయించడం కన్నా ఒక గంటకి ఇంటికి పిలిచి, మీ గదిలో, మీ ఫోన్‌తో ఎక్కడ పెట్టి తీయాలో చూపించమని ఆ గంటకి డబ్బివ్వడం మేలు. వచ్చే నెల కొత్త సరుకు వచ్చినప్పుడు మళ్లీ ఆయన చుట్టూ తిరగక్కర్లేదు.

ఏఐ యాప్: చిందరవందర చెప్పడానికి

ఈ మధ్య చాలామంది ఫొటోని ఏఐ యాప్‌లో పెట్టి సలహా అడుగుతున్నారు. తప్పు లేదు, ఖర్చూ లేదు, రాత్రి పదకొండు గంటలకి కూడా విసుక్కోదు. వెనకాల కుర్చీ కాలు కనబడుతోందని, సీసా ఒక పక్కకి ఒరిగిందని, లేబులు మీద అక్షరాలు చదవడానికి రావడం లేదని, నీడ గట్టిగా పడిందని బాగానే పట్టుకుంటుంది. అయితే అది కూడా మొహమాటం మనిషే, ముందు పొగుడుతుంది. "ఇందులో తప్పులు మాత్రమే చెప్పు, కొనేవాడికి అర్థం కానివి ఏమున్నాయో చెప్పు" అని తెలుగులోనే అడగండి, అర్థం చేసుకుంటుంది.

రంగు విషయంలో దాని మాట పట్టించుకోకండి. మీ అసలు చీర అది చూడలేదు. ఇంకో ప్రమాదం, సలహా అడిగిన చేత్తోనే "బ్యాక్‌గ్రౌండ్ మార్చి ఇవ్వు" అనడం. ఇచ్చిన ఫొటో చూడటానికి జిగేల్‌మంటుంది. దగ్గరగా పెద్దది చేసి చూడండి, కుంభం అంచులో పళ్లు కొన్ని కలిసిపోయి ఉంటాయి, బుటా ఆకారం మారిపోయి ఉంటుంది. నేతగాడు నేయని చీర ఫొటో పెట్టి అమ్మినట్టవుతుంది. అలాంటిది అందుకున్నవాళ్లు వాపసు పంపితే తప్పు వాళ్లది కాదు.

పోల్, ప్రకటన: అంకెలు చెప్పేవి ఎంతవరకు

ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి "ఏది బాగుంది" అని పోల్ పెట్టడం సరదాగా ఉంటుంది. దానికి మించి నాకు నమ్మకం లేదు. ఓటేసేవాళ్లు మీ ఫాలోయర్లు, అందులో సగం మన చుట్టాలే. పైగా జనం అందమైన ఫొటోకి ఓటేస్తారు, అర్థమయ్యే ఫొటో చూసి కొంటారు. ఆవకాయ మీద కరివేపాకు రెబ్బ పెట్టి తీసిన ఫొటోకి ఓట్లు పడతాయి, సీసా ఎంతుందో చెప్పే ఫొటోకి ఆర్డరు పడుతుంది.

ఓట్ల లెక్కలో ఇంకో మాయ. 20 మంది ఓటేస్తే 11 ఒకవైపు, 9 ఒకవైపు పడ్డాయనుకోండి, అది తేడానే కాదు. 14-6 పడినా గట్టిగా చెప్పలేం. నాణెం 20 సార్లు ఎగరేస్తే అంత తేడా గానీ అంతకు మించి గానీ రావడం వందకి పదకొండు సార్లు జరిగేదే. 15-5 దాటితే అప్పుడు ఆలోచించవచ్చు.

ప్రకటన సంగతి వేరు. అక్కడ చూసేది తెలియనివాళ్లు, నొక్కేది కొనే ఉద్దేశంతో. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల్లో ఎ/బి టెస్ట్ అని ఒక సదుపాయం ఉంది, రెండు ఫొటోలనీ వేర్వేరు మనుషులకి సమానంగా పంచి చూపిస్తుంది. అది పెట్టకుండా ఒకే ప్రకటనలో రెండూ పడేస్తే యంత్రం తొందరపడి మొదట్లోనే ఒకదాన్ని నెత్తికెత్తుకుంటుంది, రెండోదానికి అవకాశమే రాదు. ఫొటో ఒక్కటే మార్చండి. ధర, రాత, ఊరు అన్నీ అవే ఉండాలి. క్లిక్కులు ఎన్నొచ్చాయన్నది కాకుండా మెసేజీలు ఎన్నొచ్చాయో చూడండి. నెలకి నాలుగు చీరలు అమ్మేవాళ్లకి మాత్రం ఇది అనవసరం ఖర్చు. ఆ డబ్బుతో మంచి తెల్ల గుడ్డ కొనుక్కోవచ్చు.

అమెజాన్‌లో కూడా రెండు ఫొటోలు పోల్చే ఏర్పాటు ఉంది గానీ అది బ్రాండు నమోదు చేసుకుని, చూసేవాళ్లు తగినంతమంది ఉన్న సరుకుకే. మనలో చాలామందికి అందదు.

కొనేవాళ్లు: మిగతావన్నీ చెప్పడానికి

అడక్కుండానే వచ్చే సలహా ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాట్సాప్‌లో కొనేముందు వచ్చే ప్రశ్నలు. "కేతే బొడొ?" (ఎంత పెద్దది?) అని ఒడియాలో అడిగారంటే కొలత తెలిసే ఫొటో మీ దగ్గర లేదు. "రంగొ ఛాడిబొ కి?" (రంగు వదులుతుందా?) అంటే ఉతికిన తర్వాత ఎలా ఉంటుందో చూపే ఫొటో లేదా రాత లేదు. "కారం ఎక్కువుంటుందా", "అప్పడం వేపితే ఎంతవుద్ది", "కొంగుకి జరీ రెండు వైపులా ఉందా". అడిగిన ప్రతి ప్రశ్నా మీరు తీయని ఒక ఫొటో. ఒక నెల పాటు వచ్చిన ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి, ఒకే ప్రశ్న ఎన్నిసార్లొస్తే అన్ని గీతలు గీయండి. ఏ ఫొటో తీయాలో గీతలే చెబుతాయి. వాట్సాప్ బిజినెస్ కేటలాగులో ఒక సరుకుకి పది ఫొటోల దాకా పెట్టుకోవచ్చు, చోటుకి కొదవ లేదు.

వాపసు కారణాలు ఇంకా విలువైనవి. అమ్మకాల సైట్లలో ఎందుకు తిప్పి పంపారో ఒక వరుసలో ఉంటుంది. "ఫొటోలో చూపినట్టు లేదు" అని ఉంటే అది నేరుగా ఫొటో మీద తీర్పు. మనవాళ్లు అది చూసి "వాడుకుని పంపేశారు" అని తిట్టుకుంటారు. కొందరు అలా చేసేవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ ఒకే సరుకు మీద అదే కారణం మళ్లీ మళ్లీ వస్తే తిట్టడం మాని ఫొటో, వస్తువు పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక నేను అన్నిటికన్నా పైన పెట్టేది మేళా. పల్లె సరుకులు అమ్మే పల్లీశ్రీ మేళాలో గానీ సరస్ మేళాలో గానీ స్టాలు దొరికితే, సరుకు అమ్ముకోవడంతో పాటు ఈ పని చేయండి. ఆగిన మనిషికి ముందు వస్తువు ఇవ్వకండి. ఫోన్‌లో ఫొటో ఐదారు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయండి. తర్వాత మూడు ముక్కలు అడగండి: ఇదేమిటి, ఎంత ఉంటుంది, ఎంతకి అమ్ముతామనుకుంటున్నారు. బాగుందా లేదా అని అడగొద్దు. అప్పుడు వస్తువు చేతిలో పెట్టండి.

చేతిలో పెట్టిన ఆ క్షణం మొహం చూడండి. "ఓహ్, ఇంత చిన్నదా" అంటే ఫొటో మోసం చేస్తోంది, మీకు తెలియకుండానే. దగ్గరగా పెట్టి ఫోన్ మామూలు లెన్సుతో తీస్తే ముందున్నది ఉబ్బి పెద్దగా కనబడుతుంది, ఒక అడుగు వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్‌లో తీస్తే ఆకారం సరిపోతుంది. పక్కన ఒక రూపాయి బిళ్లో, అరచెయ్యో ఉంటే ఇంకా మంచిది. "అబ్బ, ఇంత మెత్తగా ఉందే" అంటే ఫొటో నేతని చూపించడం లేదు, గుడ్డ మడత మీద పక్క నుంచి వెలుగు పడేలా ఒక దగ్గరి ఫొటో కావాలి. ధర తక్కువ చెప్పారంటే ఫొటోలో సరుకు చవకగా కనబడుతోంది. చాలాసార్లు కారణం కింద పరిచిన పువ్వుల దుప్పటే.

ఈ పరీక్షకి మీ మంచి ఫోన్ వాడకండి. కొనేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది గీతలు పడ్డ, వెలుతురు తగ్గించిన చవక ఫోన్. ఇంట్లో పాతది ఉంటే దానికి ఫొటోని మామూలుగా వాట్సాప్‌లో పంపి, అదే చూపించండి. రంగు చూసేటప్పుడు డాక్యుమెంటు, జనం చూపు పరీక్షించేటప్పుడు కుదించిన ఫొటో.

మేళా దాకా వెళ్లలేనివాళ్లు ఇచ్ఛాపురం, పలాస వైపు ఉండే ఖాతాదారుల ఇంటి పక్కవాళ్లని, స్వయం సహాయక సంఘంలో వేరే సరుకు చేసేవాళ్లని అడగొచ్చు. మీలాగే అప్పడాలు చేసేవాళ్లని మాత్రం అడక్కండి. పోటీ ఉందని కాదు, వాళ్ల కళ్లూ మీ కళ్లలాంటివే.

ఎవరి అభిప్రాయమూ అక్కర్లేనివి

కొన్ని నిబంధనలు, అభిరుచులు కావు. అమెజాన్ మొదటి ఫొటో వెనక తెలుపు స్వచ్ఛంగా ఉండాలి, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువలు మూడూ 255. వస్తువు చట్రంలో 85 శాతం నిండాలి. రాతలు, ముద్రలు ఉండకూడదు. పొడవు వైపు 1000 పిక్సెళ్లు దాటితేనే జూమ్ పనిచేస్తుంది. స్టూడియో ఆయన మీ షాపు పేరు మూలన వేసి ఇస్తే మొదటి ఫొటోకి అది తిరస్కరణ.

తిండి సరుకులకి వెనక లేబులు ఫొటో తప్పదు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, నికర తూకం, గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా, శాకాహారం పచ్చ చుక్క చదవగలిగేలా ఉండాలి. ప్యాకెట్ సరుకుల వివరాలు ఆన్‌లైన్‌లో కూడా చూపాలని తూనికలు కొలతల నిబంధనలు 2018 జనవరి నుంచి చెబుతున్నాయి.

మీ సరుకుని బట్టి

అప్పడాలు, వడియాలు, ఊరగాయలు అమ్మేవాళ్లకి ఫొటోగ్రాఫరు అక్కర్లేదు. ప్రశ్నల నోటుపుస్తకం, పక్క వీధి కొత్త మనిషి చాలు. పట్టు చీరలకి మొదట ఇంట్లోవాళ్లు రంగు తేల్చాలి, తర్వాత ఒక ఒడియా ఆవిడ, ఒక తెలుగావిడ విడివిడిగా చూడాలి, కలిపి కూర్చోబెడితే ఒకరి మాటకి ఇంకొకరు తల ఊపుతారు. కొమ్ము, ఇత్తడి సామానుకి స్టూడియో గంట తప్పనిసరి, ఆ తర్వాత మేళా. జీడిపప్పు లాంటి బస్తా సరుకు టోకున అమ్మేవాళ్లకి అసలు ఈ గోలే వద్దు, వ్యాపారి గింజ సైజు, తూకం చూస్తాడు, అరచేతిలో గింజలు పోసి పగటి వెలుగులో ఒక ఫొటో తీసి పంపండి.

సలహాలు ఒకదానికొకటి ఎదురొస్తే వెలుగు విషయంలో ఫొటోగ్రాఫరు మాట, రంగు విషయంలో ఇంట్లోవాళ్ల మాట, ఏ ఫొటో ముందుండాలన్నది కొనేవాళ్ల మాట నెగ్గాలి. ఫొటోలు మార్చే పని ఒడియావాళ్ల రజొ పండక్కి, దసరాకి కనీసం నెల ముందే ముగించండి. పండగ వారంలో కొత్త ఫొటో పెడితే పెరిగిన ఆర్డర్లు ఫొటో వల్లో పండగ వల్లో తేల్చలేరు.